చెట్టు కొండను పట్టి ఉంచుతుందా, పగలగొడుతుందా?

కొండవాలు:
విశాఖపట్నంలో హనుమంతవాక దగ్గర కొండ వాలులో ఉంటున్నాం. ఇంటికి చోటు చేయడానికి ఎప్పుడో కొండను నిలువుగా కోశారు. ఆ కోతలో రెండు బండల మధ్య సందులోంచి రావి మొక్క మొలిచి ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. పై వాటాలో ఉండే మా బాబాయి దాన్ని వెంటనే తీయించమంటున్నారు. వేళ్లు రాయిని చీల్చుకుంటూ పోయి ఏదో ఒక వానాకాలం బండను తెచ్చి వంటింటి మీద పడేస్తాయని ఆయన భయం. మా ఆవిడేమో రావి మీద కత్తి పడటానికి వీల్లేదంటోంది. పుణ్యపాపాల సంగతి అటుంచినా, కొండను పట్టి ఉంచేది చెట్లే కదా అని ఆమె వాదన. తమాషా ఏమిటంటే మా అబ్బాయి బడి పుస్తకం ఇద్దరినీ సమర్థిస్తోంది. ఒక పేజీలో చెట్లు నేలకోతను ఆపుతాయని ఉంది, ఇంకో పేజీలో మొక్కల వేళ్లు రాళ్లను పగలగొడతాయని ఉంది. తెలిసినవారు తేల్చి చెప్పండి.

మేస్త్రిమాట:
ఆలోచించేదేమీ లేదు, తీసేయండి. పిట్టలు తిని వేసిన విత్తనం గోడ పగులులో పడి రావో మర్రో మొలవడం, ఆ గోడ విడిపోవడం మా పనిలో తరచూ చూసేదే. వేరు సన్నగా ఉన్నప్పుడు తీయడం తేలిక. లావెక్కాక గోడతో పాటే తీయాల్సి వస్తుంది.

వాదనప్రియుడు:
గోడ వేరు, కొండ వేరు. కంబాలకొండ నిండా చెట్లే. అవన్నీ పొద్దస్తమానం రాళ్లు పగలగొడుతూ ఉంటే ఈపాటికి అక్కడ కొండ బదులు మైదానం ఉండేది. ఆవిడ మాటే సరైనది. మేస్త్రిగారికి చెట్టు కనపడితే గొడ్డలి గుర్తొస్తుందేమో.

రాతిసుత్తి:
చాలాకాలం కళాశాలలో భూగర్భ శాస్త్రం చెప్పినవాణ్ణి, అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

కొండవాలు గారూ, మొక్కను కాసేపు వదిలిపెట్టి అది మొలిచిన రాయిని చూడండి. కైలాసగిరి, సింహాచలం, యారాడ కొండల్లో ప్రధానమైన రాయి ఖోండలైట్. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టారు. దానిలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, సిల్లిమనైట్ అనే ఖనిజాలు, ఎర్రటి గార్నెట్ గింజలు ఉంటాయి. ఇవన్నీ ఒకే వేగంతో చెడిపోవు, అసలు కథంతా అక్కడే ఉంది. వాన నీటిలో కొంచెం బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది, అంటే అది బలహీనమైన ఆమ్లం. మట్టిలోంచి దిగేటప్పుడు ఆ ఆమ్లం ఇంకా చిక్కబడుతుంది, ఎందుకంటే వేళ్లు, సూక్ష్మజీవులు ఊపిరి తీయడం వల్ల మట్టిలోని గాలిలో ఆ వాయువు బయటి గాలిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ నీరు తగిలిన ఫెల్డ్‌స్పార్ మెల్లగా తెల్లటి బంకమన్నుగా మారిపోతుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబారుతుంది. క్వార్ట్జ్ మాత్రం చెక్కుచెదరదు. చుట్టూ ఉన్నవి కుళ్లిపోయాక అది విడివడి ఇసుక రేణువవుతుంది.

మీ వెనక కోతలో తెల్లటి, పసుపు, ఎరుపు మచ్చలు కలగలిసి కనిపిస్తుంటే, గోరుతో గీరి చూడండి. పొడిగా రాలితే అది రాయి రూపంలో ఉన్న మట్టి. రాతి పొరలు, గీతలు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, బలం మాత్రం ఉండదు. దీన్ని శైథిల్యం అంటాం. ఇందులో ఏదీ కదలదు, రాయి నిలుచున్న చోటే కుళ్లుతుంది. కుళ్లినదాన్ని నీరో గాలో అలలో మోసుకుపోతే క్రమక్షయం. మోసింది ఎక్కడో దించితే నిక్షేపణ. పుస్తకాల్లో శైథిల్యం అనగానే పగుళ్లలో నీరు గడ్డకట్టి రాయి చీలడం మొదట చెబుతారు. మన ఊళ్లో ఆ ప్రసక్తే లేదు. ఇక్కడ పని చేసేవి వేడి, తేమ, ఉప్పు.

ఇప్పుడు మీ రావి. అది రాయిని పగలగొట్టి లోపలికి పోలేదు, అప్పటికే ఉన్న సందులోకి పోయింది. వేరు లావవుతున్న కొద్దీ సందును నెడుతుంది, అది నిజమే. కానీ ముందే సందు పడి, లోపల తేమ నిలిచి, కాస్త మట్టి చేరితేనే అక్కడ విత్తనం బతికింది. కాబట్టి నేను మిమ్మల్ని అడిగేది చెట్టు గురించి కాదు. ఆ సందులోకి నీరు ఎక్కడినుంచి వస్తోంది?

వాదనప్రియుడు:
మాస్టారూ, పాఠం బాగుంది. కానీ ఆయన వచ్చే అక్టోబరులో వంటిల్లు మిగులుతుందా లేదా అని అడిగితే మీరు లక్షల ఏళ్ల లెక్క చెప్పారు.

మేస్త్రిమాట:
మాస్టారు చెప్పిన తుప్పు మాట నాకు బాగా అర్థమైంది. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో శ్లాబు కింద పెచ్చులు ఊడిపోయేది ఇందుకే. ఉప్పుగాలికి లోపలి చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పైనున్న కాంక్రీటును లోపలినుంచే తోసేస్తుంది. రాయిలో కూడా ఇంతేనా?

రాతిసుత్తి:
చాలావరకు ఇంతే. ఇనుమున్న ఖనిజాలు చెడినప్పుడు ఉబ్బి పక్క గింజలను వదులు చేస్తాయి. తీరం వెంబడి బండల మీద ఇంకోటి కూడా కనిపిస్తుంది. అలల తుంపర రాతి రంధ్రాల్లోకి పోతుంది, ఎండకు నీరు ఆవిరై ఉప్పు స్ఫటికాలు లోపలే పెరుగుతాయి, అవి గింజ తరువాత గింజను తోసేస్తాయి. బండల మీద గుంటలు గుంటలుగా కనపడేవాటిలో చాలా వరకు ఆ ఉప్పు చేసినవే.

వాదనప్రియుడి ప్రశ్నకు జవాబు: కుళ్లడానికి లక్షల ఏళ్లు, జారడానికి ఒక్క రాత్రి. వాయుగుండం పట్టి రెండు మూడు రోజులు వదలకుండా కురిస్తే కుళ్లిన రాయి నీరు తాగి బరువెక్కుతుంది, గింజల మధ్య పట్టు తగ్గుతుంది. రాతి పొరలు ఇంటి వైపు వాలి ఉంటే మరీ ప్రమాదం. కోత ముందు నిలబడి పొరల గీతలు ఎటు వాలాయో చూడండి.

టీచరమ్మ_మధురవాడ:
చెట్టు పట్టి ఉంచుతుందా అన్నదానికి ఒక చోట సాక్ష్యం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది: భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలు. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వాటిని జాతీయ భూ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. పిల్లలను తీసుకెళ్లినప్పుడు వాళ్లు ఎరుపు చూసి కేరింతలు కొడతారు గానీ, నేను వాళ్లను దిబ్బ అంచుల దగ్గర ఆపుతాను. పై అంచున గడ్డి, చిన్న పొదలు ఉన్న చోట జానెడు మందాన వేళ్లు అల్లుకుని మట్టి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కింద మట్టి కొట్టుకుపోయి బోలుగా ఉంటుంది. అంటే వేళ్లు పట్టుకున్నంత మేర పట్టుకున్నాయి, కిందనుంచి నీరు తన పని తాను చేసుకుపోయింది. ఏదో ఒక రోజు ఆ అంచు వేళ్లతో సహా విరిగి లోయలో పడుతుంది. విరిగిన ముక్కలు అక్కడే పడి ఉంటాయి, గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది.

ఇంకో విషయం. ఆ దిబ్బల నిలువు గోడల్లో అక్కడక్కడ తెల్లటి గట్టి గొట్టాల్లాంటివి కనిపిస్తాయి. పిల్లలు ఎముకలనుకుంటారు. ఒకప్పటి వేళ్ల చుట్టూ సున్నం పేరుకుని గట్టిపడ్డవి అవి. చెట్టు పోయింది, వేరు కుళ్లిపోయింది, అచ్చు మిగిలింది. దయచేసి ఎవరూ పీకి ఇంటికి తెచ్చుకోకండి.

భీమిలి_సరుగుడు:
టీచరుగారు చెప్పింది అక్షరాలా నిజం. మాకు ఆ చుట్టుపక్కల సరుగుడు తోట ఉంది. దిబ్బల మీద తాటిచెట్లు, జీడితోటలు ఉన్నా లోయలు వెనక్కి జరగడం ఆగలేదు. లోయ మొదలయ్యే చోట, అంటే వాన నీరు పైనుంచి దూకే చోట, మట్టి ఏడాదికేడాది తెగుతూనే ఉంటుంది. చెట్టు అడ్డొచ్చినంత మాత్రాన నీరు వెనుదిరగదు, పక్కనుంచి తిరుగుతుంది.

కానీ ఇసుకలో సంగతి వేరు. సముద్రపు ఒడ్డున గాలికి ఇసుక కదులుతుంది గదా, అక్కడ మొక్కే రాజు. ముందు ఊదారంగు పూల తీగ పాకుతుంది. దాని వెనక ముళ్లగడ్డి వస్తుంది, రావణాసురుడి మీసాలంటారు. గాలి వాటికి తగిలి నెమ్మదించగానే మోస్తున్న ఇసుకను అక్కడే దించేస్తుంది. దించిన ఇసుకలోంచి తీగ మళ్లీ పైకి లేస్తుంది, ఇంకొంచెం ఇసుక చేరుతుంది. చూస్తుండగానే దిబ్బ లేస్తుంది. అంటే అక్కడ మొక్క నేలను పట్టి ఉంచడమే కాదు, నేలను కడుతోంది. సరుగుడు గాలిని ఆపుతుంది గానీ కింద రాలిన ఆకు తప్ప ఏమీ ఉండనివ్వదు. అల వచ్చి మొదలు కోసిందంటే నిలువునా పడుతుంది. సరుగుడు వేసుకున్నవాణ్ణి నేనే చెబుతున్నాను: ఒడ్డుకు దగ్గరగా తీగను, గడ్డిని వదిలేయాలి, సరుగుడు వెనక ఉండాలి.

వాదనప్రియుడు:
సరే, మరి హుద్‌హుద్ తుఫాను సంగతి? 2014 అక్టోబరు 12న కైలాసగిరి బోడిగుండైపోయింది. చెట్లు కొండను పట్టుకున్నాయా, కొండ చెట్లను వదిలేసిందా?

రాతిసుత్తి:
అడగవలసిన ప్రశ్నే అడిగారు. పెద్ద చెట్టు గాలికి కూలితే వేళ్ల పళ్లెం మొత్తం లేస్తుంది. దాంతో పాటు రాతి ముక్కలు, మట్టి పైకి వచ్చి గుంట మిగులుతుంది. ఆ గుంటలో నీరు నిలిచి కింది రాయిని ఇంకా కుళ్లబెడుతుంది. అడవులు కొండలను దున్నుతూ ఉండేది ఇలాగే. చెదపురుగులదీ అదే పని. లోపలి మెత్తని బంకమన్ను పైకి మోసి పుట్ట కడతాయి, వానకు ఆ పుట్ట కరిగి చుట్టూ పరుచుకుంటుంది. వానపాముల గురించి డార్విన్ వేసిన లెక్క వింటే ఆశ్చర్యం వేస్తుంది: ఇంగ్లండులో కొన్ని చోట్ల ఎకరానికి ఏడాదికి పది టన్నులకు పైగా మట్టిని అవి పైకి తెస్తాయని 1881లో రాశారు.

పట్టి ఉంచడం, పగలగొట్టడం రెండూ వేరు చేసేవే, చోట్లు వేరు. వదులు మట్టిలో సన్నని వేళ్లు దారాల్లా పని చేస్తాయి, పై మీటరు లేదా రెండు మీటర్ల మందాన్ని కుట్టి ఉంచుతాయి, మట్టిలోని నీటిని తోడేస్తాయి కూడా. రాయిలో లావు వేరు చీలిక పెంచుతుంది. జారే పొర పది మీటర్ల లోతున ఉంటే వేళ్లు అక్కడి దాకా చేరనే చేరవు, ఏ చెట్టూ ఆపలేదు.

కొండవాలు:
మా ఆవిడకు ఇదంతా చదివి వినిపించాను. 'చూశారా, కుట్టి ఉంచుతాయన్నారు' అంది. బాబాయికి వినిపిస్తే 'చూశావా, చీలిక పెంచుతుందన్నారు' అన్నారు. పుస్తకం కన్నా మీరేమీ మెరుగు కాదు మాస్టారూ.

అలలగట్టు:
పెదజాలరిపేటలో పుట్టి పెరిగిన కుటుంబం మాది. కొండ గురించి నాకు పెద్దగా తెలియదు గానీ, కొండనుంచి వచ్చింది చివరికి మా ముంగిట్లోనే దిగుతుంది. పొద్దున్నే నీరు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక మీద ముదురు ఎరుపు, నలుపు చారలు చూసే ఉంటారు. చిన్నప్పుడు వాటిలో అయస్కాంతం తిప్పి నల్లపొడి పట్టేవాళ్లం. అది ఎందుకలా చారలుగా తేలుతుందో ఎవరైనా చెప్పగలరా?

రాతిసుత్తి:
నలుపులో ఇల్మనైట్, మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజాలు, ఎరుపులో గార్నెట్. క్వార్ట్జ్ ఇసుక నీటి కన్నా రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువు, గార్నెట్ దాదాపు నాలుగు రెట్లు, ఇల్మనైట్ నాలుగున్నర దాటుతుంది. వెనక్కి పోయే అల తేలికైన ఇసుకను ఈడ్చుకుపోతుంది, బరువైనది అక్కడే మిగిలిపోతుంది. మీ అయస్కాంతానికి గట్టిగా అతుక్కున్నది మాగ్నటైట్. ఆ ఎర్రచార కొండవాలు గారి వంటింటి వెనక రాయికి బంధువే. అది ఇక్కడి ఖోండలైట్ కొండల్లోంచి వచ్చిందే.

టీచరమ్మ_మధురవాడ:
మాస్టారూ, దిబ్బల మట్టి ఎక్కడిదో కూడా చెప్పండి. పిల్లలు అడిగితే సముద్రం తెచ్చిందని కొందరు, గాలి తెచ్చిందని కొందరు చెబుతున్నారు.

రాతిసుత్తి:
ఒక్కటే చేయి వేసిందని చెప్పడం కష్టం. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. ఇప్పుడు నీటి అడుగున ఉన్న ఇసుక మైళ్ల కొద్దీ బయటపడింది. ఆ ఇసుకను గాలి ఒడ్డుకు మోసి దిబ్బలు పేర్చిందన్నది బలమైన వాదన. కొండలనుంచి దిగే గెడ్డలు, అంటే వాగులు కూడా తమ వంతు తెచ్చాయి. రంగు తరువాత పట్టింది. గార్నెట్ లాంటి ఖనిజాలు చెడి విడుదలైన ఇనుము ప్రతి రేణువు చుట్టూ సన్నని ఎర్రపూతగా పట్టింది. కొంత బంకమన్ను, ఆ పూత కలిసి రేణువులను అతికించాయి. అందుకే ఇసుకైనా నిలువు గోడలుగా నిలబడుతుంది. ఎండలో గట్టిగా ఉంటుంది, వాన దంచితే కరుగుతుంది. ఆ తరువాత వాన కోసిన లోయలే మనం చూసేవి. దక్షిణ తమిళనాడు తీరంలో తేరి అనే ఎర్ర ఇసుకలున్నాయి, అవీ ఈ వరసలోవే.

ఒకసారి ఆలోచించండి: కొండ కుళ్లింది, గెడ్డ మోసింది, సముద్రం చదును చేసింది, గాలి పేర్చింది, ఇనుము అతికించింది, ఇప్పుడు వాన మళ్లీ కోసి సముద్రంలో కలుపుతోంది. మనం అక్కడ యంత్రం పెట్టి చదును చేస్తే ఒక పూటలో పోయేది ఇదంతా. దాన్ని మట్టిదిబ్బ అనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అలలగట్టు:
దించే పనిలో మనిషి చేయి కూడా చెప్పాలి. మా వైపు ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, నైరుతి రుతుపవనాల అలలు దాన్ని అలా నెడతాయి. శీతాకాలంలో కొంత వెనక్కి వస్తుంది. 1933లో ఓడరేవు తెరిచినప్పుడే ఈ ఇసుక నడక పెద్ద తలనొప్పి. ప్రవేశ మార్గం పూడకుండా రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి అడ్డుకట్ట చేశారని మా పెద్దలు చెప్పేవారు. తరువాత బయటి రేవు గోడలు వచ్చాయి. గోడకు దక్షిణాన ఇసుక ఆగుతుంది, ఉత్తరాన ఆర్కే బీచ్ ఆకలితో ఉంటుంది. అందుకే తవ్వి తీసిన ఇసుకను గొట్టాలతో తెచ్చి బీచ్ మీద పోస్తుంటారు. పోసిన ఇసుక ఒక వానాకాలానికి మళ్లీ నడక మొదలుపెడుతుంది.

భీమిలి_సరుగుడు:
నదుల వాటా కూడా తగ్గింది. గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి మా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మధ్యలో తాటిపూడి జలాశయం ఉంది. నీరు నగరానికి వస్తుంది, ఇసుక జలాశయం అడుగున ఉండిపోతుంది. దాని కింద నదిలో మిగిలిన ఇసుకను లారీలు తీసుకుపోతే ఒడ్డుకు చేరేదేముంది?

వాదనప్రియుడు:
గోస్తనీ అంటే బొర్రా గుహలు గుర్తొచ్చాయి. అక్కడ మట్టి, ఇసుక గొడవ లేదు, రాయి మొత్తం నీళ్లలో కరిగిపోయింది కదా?

రాతిసుత్తి:
అవును, అక్కడిది సున్నపురాయి. అదే బలహీనమైన ఆమ్లం దాన్ని పూర్తిగా కరిగించి మోసుకుపోయింది. పైకప్పునుంచి కారే చుక్కలో కరిగిన సున్నం మళ్లీ గట్టిపడి స్తంభాలైంది. కరగడం, పేరుకోవడం ఒకే గదిలో జరుగుతాయి. అక్కడ కూడా పైనున్న అడవి మట్టే నీటికి ఆ ఆమ్లాన్ని అందిస్తుంది. గుహ గోడల మీద సూక్ష్మజీవులు కూడా ఖనిజాలు పేరుకోవడంలో చేయి వేస్తున్నాయని పరిశోధకులు రాశారు.

నిర్వాహకుడు:
చర్చ బొర్రా దాకా వెళ్లింది. కొండవాలు గారి వంటిల్లు ఇంకా ఇక్కడే ఉంది. దయచేసి వెనక్కి రండి.

కొండవాలు:
వచ్చాను. మాస్టారు అడిగినట్టు నీరు ఎక్కడినుంచి వస్తోందో చూశాను. మీరు నవ్వుతారు. బాబాయి గారి వాటాలోంచి బట్టలు ఉతికిన నీళ్ల గొట్టం కొండ పైమెట్టు మీద వదిలేసి ఉంది. ఆ నీరు ఏడాది పొడవునా సరిగ్గా ఆ సందులోకే ఇంకుతోంది. వేసవిలో కూడా రావి పచ్చగా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. గోరుతో గీరితే సందు చుట్టూ తెల్లటి బంకమన్ను రాలింది, రెండడుగులు పక్కకు జరిగితే రాయి గట్టిగానే ఉంది. పొరలు ఇంటి వైపు కాకుండా కొండలోపలికి వాలి ఉన్నాయి.

రాతిసుత్తి:
పొరలు లోపలికి వాలడం మీ అదృష్టం. ముందు ఈ రోజే గొట్టం మళ్లించండి. మొక్కను మాత్రం పీకవద్దు, పీకితే సందు తెరుచుకుంటుంది. మొదలు దగ్గర కోసి, మళ్లీ చిగురు వేస్తే మళ్లీ కోస్తూ ఉండండి. వేరు ఎండి కుళ్లాక అది పోయిన దారిలో నీరు దిగకుండా సందు పైభాగం మూయించాలి. కోత పై అంచున గడ్డి, చిన్న పొదలు ఉంటే వాటిని తాకవద్దు, అవి మీ వైపే ఉన్నాయి. నేను చూడకుండా చెబుతున్నాను, వానలకు ముందే ఒక ఇంజినీరును పిలిచి చూపించండి.

కొండవాలు:
గొట్టం మళ్లించాం. బాబాయి ఇప్పుడు రావి గురించి మాట్లాడటం మానేశారు. మా ఆవిడ ఒక షరతు పెట్టింది: కోసిన కొమ్మను గుడి చెరువు గట్టున నాటాలట, రావి కొమ్మ నాటితే బతుకుతుందని ఆమె ధీమా. మేస్త్రిమాట గారూ, కోత ముందు రక్షణ గోడ కూడా కట్టించమని అందరూ అంటున్నారు. దాని సంగతేమిటి?

మేస్త్రిమాట:
కట్టించండి, కానీ గోడకు నీరు పోయే గొట్టాలు పెట్టని మేస్త్రికి పని ఇవ్వకండి. గోడ వెనక కంకర నింపి, అడుగునుంచి వరసగా గొట్టాలు వదలాలి. లేకపోతే వాన నీరు వెనక చేరి మట్టి కన్నా ముందు గోడనే తోసేస్తుంది. కొత్త గోడలు పడేది ఎక్కువగా ఇందుకే. కోత పొడవు, ఎత్తు, వంటింటి గోడకు కోతకు మధ్య ఉన్న ఖాళీ కొలిచి ఇక్కడ పెట్టండి. ఫొటో పక్కనుంచి తీయండి, ఎదురుగా తీస్తే వాలు తెలియదు.